అరటి దూటల ఆదివారాలు

నాకు సలహాలిచ్చే జబ్బు ఉంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినవాడికి ఆ జబ్బు రాకుండా ఉండదు. కూరలో ఉప్పెక్కువైతే ఏం చేయాలో మా ఆవిడకి చెబుతాను. మోటారు నీళ్లెందుకు తోడడం లేదో మెకానిక్‌కి చెబుతాను. సూది ఎక్కడ గుచ్చాలో నర్సుకి చెప్పిన రోజు కూడా ఉంది. తాడేపల్లిగూడెంలో మా వీధివాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారని తెలుసు. అయినా వచ్చి అడుగుతారు, నేను చెబుతాను. నా సలహా విని చెడినవాళ్లు లేరని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట అనడం లేదు. మా అక్క నా సలహా వింది.

కొన్నేళ్ల కిందట నాకు కిడ్నీలో రాయి వచ్చింది. ఎడమవైపు నడుము దగ్గర మొదలై కిందికి పాకిన ఆ నొప్పిని వర్ణించే ఓపిక నాకు లేదు. మంచం మీద పడుకోలేక, నేల మీద కూర్చోలేక, వంటింటి గడప పట్టుకుని ఏడ్చానని చెబితే చాలు. స్కాన్ చూసిన డాక్టరు, "చిన్నదే మాస్టారూ, నీళ్లు బాగా తాగండి, దానంతటదే పడిపోతుంది" అన్నారు. నేను నీళ్లూ తాగాను, ఎవరో చెప్పారని అరటి దూట రసమూ తాగాను.

గెల కోసేశాక అరటి బోదె ఎందుకూ పనికిరాదని నరికి పారేస్తారు. దాని పొరలు ఒలుచుకుంటూ పోతే లోపల తెల్లగా, ముంజేయంత లావున ఒక కాడ మిగులుతుంది. అదే దూట. దాన్ని చక్రాలుగా తరగాలి. ప్రతి చక్రం వెంటా దారంలా పీచు సాగుతుంది. దాన్ని వేలికి చుట్టి తీసేయాలి. తర్వాత రుబ్బి, పల్చటి గుడ్డలో పిండి, పరగడుపున తాగాలి. వగరుగా ఉంటుంది. మూడో వారంలో నా రాయి పడిపోయింది. డాక్టరు చెప్పిన నీళ్లకి నేను ఏ పేరూ ఇవ్వలేదు. పేరంతా దూటకే ఇచ్చాను.

ఆ రాయిని కడిగి హోమియో మాత్రల సీసాలో వేసుకుని స్టాఫ్ రూమ్‌కి తీసుకెళ్లాను. ఆవగింజ కన్నా కొంచెం పెద్దది. తెలుగు మాస్టారు కళ్లజోడు సర్దుకుని చూశారు. లెక్కల మేడమ్‌గారు ముక్కు చిట్లించి దూరం జరిగారు. వారం రోజులు ఆ సీసా నా జేబులోనే ఉంది.

మా అక్క నాకన్నా ఆరేళ్లు పెద్దది. మండవల్లి దాటాక, కొల్లేటి అంచున ఉన్న ఊరికి ఆమెను ఇచ్చారు. బావది సగం వరి, సగం చేపల చెరువులు. గట్టు మీద నిలబడితే కంటికి ఆనినంత మేరా నీళ్లే. తాడేపల్లిగూడెం నుంచి రైల్లో ఏలూరు, అక్కడి నుంచి కొల్లేటి మీదుగా బస్సులో కైకలూరు, ఆ పైన ఆటో. పొద్దున ఆరింటికి బయలుదేరితే చేరేసరికి పది దాటుతుంది.

దూరం ఒక్కటే అడ్డు కాదు. మా వైపు మగవాడు అక్కచెల్లెళ్ల ఇంటికి ఊరికే వెళ్లడు. వెళితే గుమ్మంలోనే "ఏంటి విశేషం?" అని అడుగుతారు. ఏదో ఒక విశేషం ఉండాలి. శుభలేఖైనా ఇవ్వాలి, ఎవరైనా పోయారనైనా చెప్పాలి. ఏమీ లేకుండా వెళ్లి అరుగు మీద కూర్చుంటే ఇంట్లో గొడవపడి వచ్చాడేమో, పొలం సంగతేదో కదపడానికి వచ్చాడేమో అని పక్కింటివాళ్లు కూడా అనుమానంగా చూస్తారు. అందుకని నేను ఏడాదికి మూడుసార్లకి మించి వెళ్లేవాణ్ణి కాదు. వెళ్లినా చెయ్యి కడుక్కున్న గంటకి బస్సు టైమైందని లేచేవాణ్ణి. నాకు అన్నం కలిపి పెట్టి బడికి పంపిన మనిషి ఆమె. ఆమెతో తీరిగ్గా కూర్చుని మాట్లాడి ముప్పై ఏళ్లయిందని నాకు ఎప్పుడూ తోచలేదు.

అక్కకి అన్నం తిన్నాక కుడి డొక్కలో నొప్పి వచ్చేది. అది వీపు దాకా లాగేది. దాన్ని ఆమె చాలా ఏళ్లు గ్యాస్ అని పిలిచి, వాము నమిలి, సోడా తాగి గడిపింది. చివరికి బావ ఏలూరు తీసుకెళ్లి స్కాన్ తీయించాడు. పిత్తాశయంలో రాయి ఉందన్నారు. కాలేయం కింద పసరు నిలవుండే చిన్న తిత్తి అది, ఆపరేషన్ చేసి తిత్తితో సహా తీసేయాలన్నారు. అక్క సరేనంది. రోజు కూడా పెట్టుకున్నారు.

ఆ వారమే వానలు కురిసి కొల్లేరు పొంగింది. ఏలూరు రోడ్డు మునిగిపోయి బస్సులు ఆగిపోయాయి. ఆపరేషన్ వాయిదా వేసుకున్నారు. నిజానికి రైలుంది. మండవల్లిలో ఎక్కి గుడివాడ, బెజవాడల మీదుగా చుట్టూ తిరిగి ఏలూరు చేరవచ్చు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అయినా అక్క రైలు మాట ఎత్తలేదు. ఆమెకు కత్తి అంటే భయం. నీళ్లు తీసి రోడ్డు బయటపడేలోపు నా రాయి పడింది.

నేను సీసా జేబులో వేసుకుని, రెండు దూటలు సంచిలో పెట్టుకుని ఆదివారం వెళ్లాను. అక్క పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేప బాగు చేస్తోంది. వేలు లోపలికి పోనిచ్చి ఆకుపచ్చగా ఉన్న చేదుకట్టుని చిట్లకుండా లాగి పక్కన పడేసింది. అది చిట్లితే చేపంతా చేదెక్కిపోతుంది. అక్క చేతిలో చిట్లగా నేనెప్పుడూ చూడలేదు.

"చేపకైతే తీసి పారేస్తాం గానీ, మనిషికి కూడా తీస్తారంటరా దీన్ని?" అంది తల ఎత్తకుండానే.

"తీస్తారు. నీకు ఆ అవసరం రాదులే అక్కా" అని సీసా తీసి చూపించాను.

చేతులు కడుక్కుని వచ్చి, సీసాని ఎండకి పెట్టి చూసింది. "ఇంత చిన్నదానికా గడప పట్టుకుని అంత గోల చేశావు? మీ ఆవిడ ఫోన్‌లో చెబుతుంటే ఏ గుండ్రాయో అనుకున్నాను."

బావ నులక మంచం మీంచి లేచి వచ్చాడు. ఆయన నాతో ఏకీభవించనప్పుడే నన్ను మాస్టారూ అంటాడు. "డాక్టరుగారు తీసేయమన్నారు కదా మాస్టారూ. మళ్లీ ఇదంతా ఎందుకు?"

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే బుసబుసమని పొంగి కరుగుతుందా లేదా? దూటలో అలాంటి గుణమే ఉంది. టైం పడుతుంది, అంతే. కోస్తే ఒళ్లు మళ్లీ మునుపటిలా అవుతుందా? ఇలా అరగంట మాట్లాడాను. కిడ్నీ వేరు, పిత్తాశయం వేరు అని నాకు తెలియక కాదు. రెండూ ఎక్కడుంటాయో బోర్డు మీద బొమ్మ గీసి చూపించగలను. ఒకచోట రాయిని కరిగించింది ఇంకోచోట ఎందుకు కరిగించదని నా వాదన. బావ కాసేపు నా వంకా, అక్క వంకా చూసి చెరువు గట్టుకి వెళ్లిపోయాడు. అక్క ముఖం మాత్రం తేటపడింది. ఆపరేషన్ తప్పిందన్న ఆనందం అది. నా తెలివికి మురిసిపోతోందని నేను అనుకున్నాను.

వాళ్ల ఊళ్లో అరటి లేదు. ఆ నేలకి రాదు. అందుకని దూటలు చేరవేసే పని నేను పెట్టుకున్నాను. శనివారం సాయంత్రం బడి వదిలాక సైకిలేసుకుని కాలవ గట్టు తోటలకి వెళ్లేవాణ్ణి. గెల కోసిన బోదెలుంటే రైతులు తీసుకెళ్లమనేవారు. పొరలు ఒలిచి, దూటల్ని తడిగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి ఆదివారం తెల్లవారి రైలెక్కేవాణ్ణి. వారానికి సరిపడా ఉండేవి. రిటైరయ్యాక కూడా ఆదివారమే వెళ్లేవాణ్ణి. అక్కకి ఆ రోజు అలవాటైపోయింది.

అవి నా జీవితంలో మంచి రోజులని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. అయినా అబద్ధం చెప్పలేను. ఇద్దరం పెరట్లో పీట వేసుకుని కూర్చునేవాళ్లం. నేను చక్రాలు తరిగితే ఆమె పీచు తీసేది. తరిగినవి నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేసేది. ఏవేవో మాట్లాడుకునేవాళ్లం. మా నాన్న ఎవరి మీదో కోపంతో నాలుగు రోజులు అన్నం మానేసి దొంగతనంగా అటుకులు తిన్న సంగతి, అక్క పెళ్లిచూపులనాడు నేను జాకెట్టు గుండీ మింగేసి అందరినీ హడలెత్తించిన సంగతి. చెప్పిందే చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. మధ్యాహ్నం చేపల పులుసు. నాలుగింటికి చెరువుల మీద కొంగలు లేచే వేళకి నేను బయలుదేరేవాణ్ణి. ఊళ్లో ఎవరూ "ఏంటి విశేషం?" అని అడిగేవారు కాదు. సంచి చూసి, "అక్కగారికి మందు తెచ్చారాండీ?" అనేవారు.

రెండు మూడు నెలల్లో నొప్పి తగ్గిపోయిందని చెప్పింది. నేను గెలిచాను. మళ్లీ స్కాన్ తీయించాలని నాకు తోచలేదు. తగ్గినదాన్ని చూడడానికి మళ్లీ డబ్బెందుకు అనుకున్నాను. రసం మానకూడదని మాత్రం చెప్పాను, మళ్లీ పుట్టకుండా. అలా నాలుగేళ్లకి పైగా గడిచాయి.

ఒక వేసవిలో అక్క సన్నబడింది. ముందునుంచీ కాస్త భారీ మనిషి. "ఏం చేస్తున్నావక్కా, పెళ్లినాటి జాకెట్లు పట్టేలా ఉన్నావు" అన్నాను. "నీ దూటల మహిమరా" అంది. నేను నవ్వాను. అన్నం సగంలో వదిలేస్తోందని చూశాను. ఎండలకి అందరూ అంతే తింటారనుకున్నాను. తర్వాత ఆదివారాల్లో ఆమె ఎప్పుడూ చేతులు గోక్కుంటూ కనిపించింది. తొలకరి పడ్డాక ఒక ఆదివారం పెరట్లో ఎదురెదురుగా కూర్చున్నాం. పీచు వేలికి చుడుతూ తలెత్తి నా వంక చూసింది. కళ్లలో తెల్లగుడ్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

పక్క వీధిలో కామెర్లకి పసరు పోస్తారని ఎవరో అన్నారు. వద్దన్నాను. కత్తిపీట మడిచి, ఆమెను అలాగే కారులో ఏలూరు తీసుకెళ్లాం. ఆదివారమైనా ఎమర్జెన్సీలో చూశారు. సోమవారం పొద్దున పెద్ద స్కాన్ తీశారు. ఆ సాయంత్రం డాక్టరు నన్నూ బావనీ లోపలికి పిలిచారు. ఆవిడకి మా అమ్మాయి వయసుంటుంది. పిత్తాశయంలో క్యాన్సర్ అన్నారు. కాలేయానికి పాకిందన్నారు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని, కామెర్లు తగ్గడానికి లోపల చిన్న గొట్టం వేయించవచ్చని, దానికి బెజవాడ రాసిస్తానని అన్నారు.

"ఎందువల్ల వచ్చిందండీ?" అని నేనడిగాను. నాకు కారణం కావాలి. అది కూడా నాది కాని కారణం కావాలి.

"ఇదిగో, ఈ ఒక్కదానివల్లే వచ్చిందని చెప్పలేమండీ" అన్నారు డాక్టరు. "రాళ్లున్నవాళ్లలో చాలామందికి ఎప్పటికీ ఇది రాదు. కానీ ఇది వచ్చినవాళ్లలో ఎక్కువమందికి రాళ్లుంటాయి. రాయి పెద్దదైనకొద్దీ, ఏళ్ల తరబడి అక్కడే ఉండి గోడని ఒరుసుకుంటూ వాపు తెప్పించినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. మగవాళ్ల కన్నా ఆడవాళ్లకి ఎక్కువ. వయసు, బరువు కూడా తోడవుతాయి. మీ వాళ్లలో ఇంకెవరికైనా వచ్చిందాండీ?"

లేదన్నాను.

"ఆవిడకి ఎప్పుడైనా టైఫాయిడ్ వచ్చిందా? కొందరిలో ఆ క్రిమి పిత్తాశయంలోనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అదీ ఒక కారణం కావచ్చు."

వచ్చింది. అక్కకి పెళ్లికి ముందు నెలరోజులు టైఫాయిడ్ వచ్చింది. జుట్టంతా ఊడిపోయింది. ఆ మాట చెబుతున్నప్పుడు నా గొంతులో ఎంత ఆశ ఉందో నాకే వినిపించింది. అక్క చావుకి కారణం ఆ పాత జ్వరమే అయి ఉండాలని నేను అక్కడ కూర్చుని కోరుకున్నాను. అంత నీచంగా నేను ఎప్పుడూ ఏదీ కోరుకోలేదు.

తర్వాత దూట సంగతి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "కిడ్నీలో రాళ్లు ఎక్కువగా సున్నం లాంటివాటితో తయారవుతాయండీ. ఇవి చాలావరకు కొవ్వు పదార్థంతో అవుతాయి. దూట రసం ఆ తిత్తిలోకి వెళ్లదు కూడా" అన్నారు మెల్లగా. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. ఏ పదార్థం ఎందులో కరుగుతుందో పిల్లల చేత వల్లె వేయించాను. మా అక్క కడుపులో ఉన్న రాయి దేనితో తయారైందని ఒక్కసారి, ఒక్క మనిషిని అడగలేదు.

"అప్పుడే తీయించి ఉంటే?" అన్నాను.

"తీసేస్తే ఆ తిత్తే ఉండదు కదండీ" అన్నారు.

పాత రిపోర్టులు ఏవైనా ఉంటే తెమ్మన్నారు. మర్నాడు బావ బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. డాక్టరు కాగితాలన్నీ తేదీల వరసలో టేబుల్ మీద పరిచారు. మొదటి స్కాన్ నాకు తెలుసు. దాని పక్కన ఇంకొకటుంది. కైకలూరులో తీసింది. దూటలు మొదలుపెట్టిన ఏడాదిన్నర తర్వాత తీసింది. రాయి పెరిగిందని, గోడ మందమైందని, సర్జన్‌ని కలవాలని అందులో రాసి ఉంది.

నేను బావ వంక చూశాను. "నేనూ ఇదే చూడడం అండీ" అన్నాడు. ఎప్పుడూ నన్ను ఏకవచనంలో పిలిచే మనిషి ఆ రోజు మర్యాదగా మాట్లాడాడు. అందులో ఉన్న కోపం నాకు అర్థమైంది. నన్ను ఒక్క మాట కూడా అనకుండానే ఆయన నన్ను దూరం పెట్టాడు.

బెజవాడలో గొట్టం వేసి ఇంటికి పంపేశారు. కళ్లు తెల్లబడ్డాయి గానీ మనిషి లేవలేదు. నేను ఇక ఆదివారం దాకా ఆగలేదు, రెండు రోజులకొకసారి వెళ్లేవాణ్ణి. సంచి తీసుకెళ్లేవాణ్ణి కాదు. ఒట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నా రాయి ఉన్న హోమియో సీసాని ఏలూరు స్టేషన్‌లో చెత్తడబ్బాలో పడేశాను.

ఒక మధ్యాహ్నం బావ చెరువు మీదికి వెళ్లాడు. అక్క వరండాలో మంచం మీద పడుకుని ఉంది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"ఆ కైకలూరు కాగితం చూశావుగా" అంది.

"చూశాను."

"పక్కింటావిడ స్కాన్‌కి వెళుతుంటే తోడు వెళ్లాను. ఎలాగూ వచ్చాను కదా అని నేనూ తీయించుకున్నాను. నొప్పి పోయిందని నీతో అన్నాను గానీ పూర్తిగా ఎప్పుడు పోయిందిరా? వచ్చేది, పోయేది."

"మరి చెప్పవేం?"

"చెబుదామనే కూర్చున్నాను. ఆ ఆదివారం నువ్వు వానలో నిలువునా తడిసి వచ్చావు. సంచి మాత్రం చొక్కా లోపల పెట్టుకుని తడవకుండా తెచ్చావు. ఎలా చెప్పను? చిన్నబోతావని ఊరుకున్నాను. వచ్చే వారం చెబుదామనుకున్నాను. ఆ వచ్చే వారం కూడా అలాగే అయింది."

నాకు కోపం వచ్చింది. నెలకి మించి బతకదని బెజవాడ డాక్టర్లు చెప్పిన మనిషి మీద నాకు కోపం వచ్చింది. "నేను చిన్నబోతే ఏమైపోయేది? ప్రాణం కన్నా అదెక్కువా? ఒక్క మాట చెప్పుంటే ఎత్తుకెళ్లైనా ఆపరేషన్ చేయించేవాణ్ణి కదా" అని గట్టిగా అరిచాను. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

అక్క నవ్వింది. "మాస్టారు బెత్తం తీశారు" అంది. ఆ తర్వాత కాసేపు ఊపిరి తీసుకుంది. "చేయించేవాడివే. రాయి పోయేది. నువ్వూ రావడం మానేసేవాడివి."

"ఎందుకు మానేస్తాను?"

"ఊరికే ఎవరొస్తారురా? ముప్పై ఏళ్లు వచ్చావా?"

ఆమె నా చెయ్యి అందుకుని చూపుడు వేలు తడిమింది. దూటలు తరిగి తరిగి దాని మీద చిన్న గీత పడింది. "ప్రాణం మీదికి వస్తుందని నాకేం తెలుసురా" అంది. "నొప్పే కదా, ఓర్చుకోవచ్చనుకున్నాను." ఆ మాట అని కళ్లు మూసుకుంది. నేను చాలాసేపు ఏడ్చాను. ఆమె నిద్రపోయిందో, నన్ను ఏడవనిచ్చిందో తెలియదు.

అక్క బుధవారం నాడు పోయింది. ఆ రోజు నేను అక్కడ లేను. బావ ఫోన్ చేసి, "మీ అక్క వెళ్లిపోయిందండీ" అన్నాడు. దినవారాలన్నీ అయ్యాక ఒకరోజు మా ఆవిడ అలవాటుగా దూట పెరుగుపచ్చడి చేసింది. పచ్చడి చూసి లేచి వెళ్లిపోయాను. ఆమె మళ్లీ మా ఇంట్లోకి దూట తేలేదు. నేనూ సలహాలు తగ్గించాను. ఎవరైనా అడిగితే, డాక్టరుగారిని అడగండి అంటున్నాను. మాస్టారికి వయసు మీద పడిందని వీధిలో అనుకుంటున్నారు.

రక్తసంబంధీకులు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఒకసారి స్కాన్ చేయించుకుంటే మంచిదని ఏలూరు డాక్టరు అన్నారు. ఆ మాట మాత్రం నేను మా వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాను. మా మేనకోడలు, అక్క ఒక్కగానొక్క కూతురు, అత్తిలిలో ఉంటుంది. మొన్న శ్రావణంలో ఫోన్ చేసింది.

"మావయ్యా, నాకూ రాయుందన్నారండీ. అన్నం తిన్నాక నాకూ అక్కడే నొప్పొస్తోంది. అమ్మ సంగతి చెబితే ఆలస్యం చేయొద్దు, తీసేద్దామన్నారు. మా అత్తగారేమో దూట రసం కొన్నాళ్లు వాడి చూడమంటున్నారు. కత్తంటే నాకూ భయంగానే ఉందండీ. మీరేమంటారు?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడిపోయాను. నా సలహా అడుగుతోంది. జరిగిందంతా తెలిసి కూడా అడుగుతోంది. "డాక్టరుగారు చెప్పినట్టే చెయ్యమ్మా. నేను బయలుదేరుతున్నాను" అన్నాను.

ఆపరేషన్ రోజు నేనూ బావా బయట బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. అక్క పోయాక మేం అలా కూర్చోవడం అదే మొదటిసారి. గంటన్నర తర్వాత నర్సు వచ్చి చిన్న సీసా చేతికిచ్చింది. అడుగున మూడు రాళ్లున్నాయి, శనగగింజలంత. "ఇవి దేనితో తయారవుతాయమ్మా?" అని అడిగాను. "ఎక్కువగా కొలెస్ట్రాల్‌తో అండీ. తీసిన తిత్తిని పరీక్షకి పంపించాం, రిపోర్టు వస్తుంది" అంది. బావ నా చేతిలోంచి సీసా తీసుకుని చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. అందులో భయపడాల్సిందేమీ లేదు.

మేనకోడల్ని అంతకుముందే, నాలుగో రోజుకి ఇంటికి పంపేశారు. అత్తిలిలో వాళ్లింటి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మేనకోడలు గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. వాళ్లమ్మలాగే నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఆదివారం వస్తానమ్మా" అన్నాను.

"ఎందుకండీ మావయ్యా, పనిగట్టుకుని? నాకు బాగానే ఉంది కదా. మందులు కూడా ఇక్కడే దొరుకుతాయి."

"మందులకి కాదమ్మా. ఊరికే వస్తాను."